కిందికి బాణం

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. ఫోన్లో మాట్లాడాలన్నా వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింట్లోకి తిరుగుతూనే మాట్లాడతాను. ఆఫీసులో నా కుర్చీ చక్రాలు అందరికంటే ముందే అరిగిపోయాయి. మార్చమని అడిగితే దాని మీద కూర్చుని ఏం చేస్తున్నారని అడిగారు. కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడని మా అత్తగారు రోజుకోసారైనా అంటారు. అంటే అన్నారు. కానీ ఈ మధ్య నేను తిరిగిన తిరుగుడు చూస్తే ఆ పిల్లి కూడా కూర్చోమని బతిమాలేది.

దానికి కారణం మా అమ్మాయి. ఐదేళ్ళు నిండి ఆరో ఏడు నడుస్తోంది. పొట్టిగా, గుండ్రంగా పుట్టిందని అప్పటినుంచీ బుడంకాయ అనే పిలుచుకుంటున్నాం. బడిలో వాళ్ళ టీచరు నన్నూ మా ఆయన్నీ పిలిపించి, పిల్ల మాట వినడం లేదని చెప్పింది. ఒక బొమ్మకి రంగు వెయ్యమంటే ముందు పక్కపిల్ల కాగితంలోకి చూస్తుందట. పాట పాడమంటే నోరు కదుపుతుందిగానీ మాటలు వేరేవట. ఎందుకైనా మంచిది, ఒకసారి చెవులు పరీక్ష చేయించమంది. చెవులు బాగుంటే ఇది మొండితనమే కాబట్టి ఒకటో తరగతికి పంపకుండా ఇంకో ఏడాది చిన్నపిల్లల గదిలోనే ఉంచుతామని, ఈలోగా ప్రవర్తన సరిచేసేవాళ్ళకి చూపించమని చెప్పింది. బుడంకాయకి బడిలో ఉన్నదే ఒక్క స్నేహితురాలు. ఆ పిల్ల ఒకటో తరగతికి వెళ్ళిపోతోంది.

చెవుల మీద మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. పేరు పెట్టి పిలిస్తే పక్కగదిలోంచి పరిగెత్తుకొస్తుంది. తలుపు దభాలున పడితే ఉలిక్కిపడుతుంది. మా అత్తగారైతే చెవులు లక్షణంగా ఉన్నాయి, లేనిది వినే బుద్ధే అని తేల్చేశారు. పైగా అది తల్లి పోలికని ఒక చురక కూడా తగిలించారు. నాకు కోపం ముక్కు మీదుంటుందని ఆవిడకి తెలుసు. నేను ఏమైనా అంటే ఆవిడ మాట నిజమని నేనే రుజువు చేసినట్టవుతుందని నోరు మూసుకున్నాను.

నిజం చెప్పాలంటే నాకూ మొండితనంగానే కనిపించేది. పొద్దున్న బడికి టైమవుతుంటే సాక్సులు తీసుకురా అంటాను. అది కదలదు. నా మొహంలోకి గుడ్లప్పగించి చూస్తూ నిలబడుతుంది. మళ్ళీ చెబితే వెళ్ళి సంచీ పట్టుకొస్తుంది. ఆ చూపు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పెద్దవాళ్ళు కేకలేస్తుంటే పిల్లలు తల దించుకుంటారు, ఇదేమో కళ్ళలోకి చూస్తుంది. ఎంత పొగరు అనుకునేదాన్ని.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మనిషి ఎప్పుడూ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. మధ్య అంతస్తులో లిఫ్టు ఆగిపోయి లోపలివాళ్ళు ఏడుస్తుంటే, పైనుంచి టార్చి వేసి వాళ్ళతో కబుర్లు చెబుతూ పని కానిచ్చే రకం. పరీక్ష చేయిస్తే పోయేదేముంది, చేయించమన్నాడు. ఎక్కడ చేయించాలో వెతకాల్సిన పని కూడా లేదు. అప్పటికి కొన్ని నెలలుగా నా ఉద్యోగమే చెవుల చుట్టూ తిరుగుతోంది.

మా కంపెనీ చార్టుల లైబ్రరీ తయారుచేస్తుంది. లైబ్రరీ అంటే పుస్తకాలు కావు. ఎవరి దగ్గరైనా అంకెలుంటే వాటిని కడ్డీలుగానో, గీతగానో, ముక్కలు కోసిన చక్రంగానో బొమ్మ గీసిపెట్టే రెడీమేడ్ కంప్యూటర్ కోడు. చాలామందికి ఆ రకాలు సరిపోతాయి. సరిపోనివాళ్ళు వచ్చి మాకు వేరే బొమ్మ కావాలంటారు, అప్పుడు ఆ కొత్త రకాన్ని నేను కుడతాను. ఏదీ మొదటినుంచి రాయం. ఉన్న రకాల్లో దగ్గరగా ఉన్నదాన్ని తల్లిగా తీసుకుంటాం, పిల్లకి ఆ తల్లి గుణాలన్నీ వాటంతటవే వస్తాయి, వద్దనుకున్నవి మాత్రం మనం మార్చుకోవాలి. మార్చకుండా వదిలేసిన గుణం వదిలేసినట్టే ఉంటుంది. ఆవు చేలో మేస్తుంటే దూడ గట్టున మేస్తుందా?

ఈసారి వచ్చినవాళ్ళు ఒక వినికిడి ఆస్పత్రివాళ్ళు. చెవుల పరీక్షకి వాళ్ళు వాడే చార్టు ప్రపంచంలో చార్టులన్నిటికీ తలకిందులుగా ఉంటుంది. పైన నిశ్శబ్దం, కిందికి పోయేకొద్దీ పెద్ద శబ్దం. ఎడమవైపు బొంగురు శబ్దాలు, కుడివైపుకి పోయేకొద్దీ సన్నని ఈల లాంటివి. ఎంత చిన్న శబ్దం వినబడితే గుర్తు అంత పైన పడుతుంది. కుడిచెవికి ఎర్ర సున్నా, ఎడమచెవికి నీలం ఇంటూ. మంచి చెవుల గీత పైనే ఉంటుంది. చెడిన చెవులది కిందికి జారుతుంది.

దాన్ని తలకిందులు చేసేసరికి నా ప్రాణం మీదికొచ్చింది. అంకెలు తిరిగితే గీతలు తిరగలేదు, గీతలు తిరిగితే పేర్లు వెళ్ళి వేరేచోట కూర్చున్నాయి. మా టీమ్ లీడర్ నా వెనకాల నిలబడి, ఇది పొరపాటున బోర్లా పడినట్టుంది కాని చార్టులా లేదన్నాడు. ఆయన్ని చాటుగా ఇస్త్రీ అంటాం. బొమ్మలో ఎక్కడా ముడత కనిపించకూడదు. గీత తెగకూడదు, గుర్తు గుర్తుకి తగలకూడదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషే అయినా, మా లైబ్రరీలో గీత చార్టు రాసింది ఆయనే, దాన్ని వాడనివాళ్ళు మా వ్యాపారంలో లేరు. నా చెవుల చార్టుకి తల్లి కూడా అదే.

ఆస్పత్రివాళ్ళు ఏయే గుర్తులు కావాలో రాసి పంపారు. అందులో ఒకటి బాణం. యంత్రం తనకి చేతనైనంత గట్టిగా మోగించినా మనిషి పలకకపోతే, ఆ చోట గుర్తు పెట్టి దాని కింద కిందికి చూసే చిన్న బాణం గీస్తారట. వాళ్ళు పంపిన నమూనాల్లో అలాంటిది ఒక్కటీ లేదు. పైగా బాణం పెడితే పక్క అంకె మీదికి వెళ్ళి ముడత పడుతోంది. దాన్ని రెండో విడతలో చూద్దామని ఇస్త్రీ అన్నాడు, నేనూ సరేనన్నాను. మా దగ్గర రెండో విడత అంటే పెరట్లో పడేసిన పాత సైకిలు. అవసరమైతే తీద్దామనే పడేస్తాం. ఈలోగా ఆస్పత్రిలో ఆ చార్టులు అచ్చువేసే పాత ప్రింటరు మూలనపడింది. మా చార్టునే తెర మీద పెట్టుకుని చూసుకుంటామని వాళ్ళు అడిగారు. ఇచ్చాం.

మా ఆయనా నేనూ బుడంకాయని తీసుకెళ్ళింది ఆ ఆస్పత్రికే. పరీక్ష గది చిన్నది, గోడలకంతా మెత్తటి పలకలు, మధ్యలో ఒక అద్దం. లోపల ఇది, తలకంటే పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని. అద్దానికి ఇవతల పరీక్ష చేసే అమ్మాయి, ఆమె వెనక నేను. చేతిలో ఒక చెక్కముక్క పట్టుకుని బుగ్గకి ఆనించుకోవాలి, శబ్దం వినబడగానే దాన్ని బకెట్లో పడెయ్యాలి, అదీ ఆట. మొదట్లో టపటపా వేసింది. వేసినప్పుడల్లా మా వైపు చూసి నవ్వింది. తర్వాత్తర్వాత చాలాసేపు వెయ్యలేదు. చెక్కముక్క బుగ్గకి ఆనించుకుని కూర్చునే ఉంది. నేను ఇవతల కాళ్ళు ఊపుకుంటూ, ఇక ఇప్పుడు లేచి పరిగెడుతుంది చూడు అనుకుంటున్నాను. లేవలేదు.

డాక్టరమ్మ గదిలో తెర మీద నా చార్టు కనిపించింది. నేను కుట్టిన బొమ్మని ఒక నిజమైన మనిషి నిజమైన పనికి వాడుతుండగా చూడటం అదే మొదలు. గీతల మందం కాస్త ఎక్కువైందా అని చూశాను. ఎర్ర సున్నాలు, నీలం ఇంటూలు పైనే మొదలై, కుడివైపుకి వచ్చేసరికి కొంచెం వాలాయి. ఆ తర్వాత ఖాళీ. చూడటానికి ఎంత శుభ్రంగా ఉందో. ఇస్త్రీ చూస్తే మురిసిపోతాడనుకున్నాను.

వచ్చినంతవరకు బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పింది. చివర సన్నని శబ్దాల దగ్గరికి వచ్చేసరికి పిల్ల విసుగెత్తి ఆపేసినట్టుందని, ఈ వయసులో అది మామూలేనని, ఆ కాస్తా ఆరు నెలలాగి మళ్ళీ చూద్దామని అంది. ప్రస్తుతానికి భయపడాల్సిందేమీ లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టింది. మా ఆయన దండం పెట్టినంత పనిచేశాడు. ఇంటికొచ్చాక మా అత్తగారు నేను చెప్పలేదూ అన్నట్టు ఒక్క చూపు చూసి ఊరుకున్నారు. ఆ కాగితం బడికి వెళ్ళింది. వారం చివర తుది నిర్ణయం చెబుతామన్నారుగానీ ఆ నిర్ణయం ఏమిటో అందరికీ తెలిసిందే.

బుడంకాయకి ఎవరూ ఏమీ చెప్పలేదు. అది మా మొహాలు చూసి కనిపెట్టింది. అన్నం తింటూ తింటూ, తన స్నేహితురాలు కూడా చిన్నపిల్లల గదిలోనే ఉంటుందా అని వాళ్ళ నాన్నని అడిగింది. ఉండదమ్మా అని ఆయన చెప్పాడు. అది తల ఊపి మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

ఇక అప్పుడు మొదలైంది నా తిరుగుడు. ఏదో దొలుస్తోంది, ఏమిటో అందదు. బట్టలు మడతపెట్టబోయి సగంలో లేచాను. చదువుతున్నది వదిలేసి బాల్కనీలోకి వెళ్ళాను, అక్కడికెందుకు వెళ్ళానో మర్చిపోయి లోపలికొచ్చాను. బాగుందన్నారుగా, ఇంకేం కావాలి నీకు అని మా ఆయన అడిగాడు. ఏం కావాలో నాకు తెలిస్తే తిరగడం ఎందుకు? చెవులు బాగుండాలని కోరుకుంటే నా పిల్ల మొండిదని ఒప్పుకున్నట్టు. మొండిది కాదనుకోవాలంటే చెవులు చెడాలి. ఏ తల్లయినా ఏమని మొక్కుకోవాలి?

మర్నాడు పొద్దున్న ఆఫీసులో లిఫ్టు కోసం నిలబడి, రాలేదని మీట మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నాను. ఎన్నిసార్లు నొక్కినా లిఫ్టుకి ఒకటేనని మా ఆయన వందసార్లు చెప్పాడు, అయినా నొక్కుతాను. అలా నొక్కుతుంటే తట్టింది. నేను విసుగెత్తితే ఇలా ఉంటాను. మా పిల్ల విసుగెత్తితే ఎలా ఉంటుంది? చేతిలోది విసిరికొడుతుంది, నేల మీద దొర్లుతుంది, ఇంటికి పోదామని గగ్గోలు పెడుతుంది. చప్పుడు చెయ్యకుండా విసుగెత్తడం మా వంశంలో లేదు. మరి నిన్న అద్దం అవతల, చెక్కముక్క బుగ్గకి ఆనించుకుని అది అంతసేపు ఏం చేస్తోంది?

లిఫ్టు వచ్చింది. ఎక్కలేదు. మెట్ల దగ్గరికి వెళ్ళి ఆస్పత్రికి ఫోన్ చేసి, పరీక్ష చేసిన అమ్మాయిని ఇమ్మన్నాను. మా పాప ఎందుకు ఆపేసిందని అడిగాను. ఆ అమ్మాయికి నా ప్రశ్నే అర్థం కాలేదు.

"ఆపలేదండి," అంది. "చివరిదాకా కూర్చుంది. అంత బుద్ధిగా కూర్చున్న పిల్లని నేను ఈమధ్య చూడలేదు. సన్నవి ఎంత పెంచినా పలకలేదు. యంత్రం పెంచగలిగినంతా పెంచేశాను కాబట్టి ఇక 'జవాబు లేదు' అన్న మీటే నొక్కాను. డాక్టరుగారికి కనపడే ఉంటుందిగా?"

ఏం కనపడిందో నాకు తెలుసు. ఎందుకు కనపడలేదో కూడా తెలుసు, ఆ కోడు నా చేతులతో వెయ్యిసార్లు తిరగేసినదే. జవాబు లేదని నొక్కితే యంత్రం ఆ చోట అంకె పంపదు, పంపడానికి అంకె లేదు కదా. జవాబు లేదన్న గుర్తు మాత్రం పక్కన పెట్టి పంపుతుంది. ఆ గుర్తుని చదవడం రెండో విడత పని. చదవకపోతే తల్లి అలవాటే పిల్లకి. ఇస్త్రీ రాసిన గీత చార్టు అంకె లేని చోటుని చూస్తే చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది. అక్కడ అడిగినట్టు గాని, జవాబు రానట్టు గాని ఆనవాలు కూడా ఉండదు. డాక్టరమ్మ ఆ ఖాళీ చూసి పరీక్షే జరగలేదనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మెట్లన్నీ ఎక్కి పైకి వెళ్ళాను. ఆయాసమో కోపమో తెలియడం లేదు. ఇస్త్రీ ఎవరికో ఏదో చూపిస్తున్నాడు. చెవుల చార్టులో బాణం ఇవాళే పెట్టాలన్నాను. అది రెండో విడతలో ఉందిగా, లైబ్రరీ కొత్త రిలీజు సాయంత్రమే అందరికీ వెళ్ళిపోతోంది, ఇప్పుడు కదిపితే మిగతావన్నీ కదులుతాయన్నాడు ఆయన. ఆస్పత్రివాళ్ళు కూడా దాని గురించి అడగలేదుగా అన్నాడు. మామూలుగా అయితే ఈపాటికి నా గొంతు పక్క గదిదాకా వెళ్ళేది. ఆ రోజు మెల్లగానే వచ్చింది.

"ఖాళీ అంటే మనం అడగలేదని అర్థం సార్," అన్నాను. "అడిగాం. పిల్ల పలకలేదు. ఆ రెండూ ఒకటేనని మన చార్టు డాక్టరుకి చెబుతోంది."

"ఏ పిల్ల?"

"మా పిల్ల."

ఆయన పక్కనున్నవాళ్ళని పంపేసి కూర్చున్నాడు. గీత చార్టు తను మొదట రాసింది వాతావరణ కేంద్రం కోసమని, అక్కడ అంకె లేదంటే వైరు తెగిందనే లెక్కని, దాటెయ్యడమే న్యాయమని, అప్పటినుంచి దాన్ని ఎవరూ ప్రశ్నించలేదని చెప్పుకొచ్చాడు. నాకు చెబుతున్నాడో తనకి తను చెప్పుకుంటున్నాడో తెలియలేదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. సరే అన్నది నేను కూడా కదా, కోపానికి చోటు దొరకలేదు. చివరికి రిలీజు ఆపేస్తున్నానని పైవాళ్ళకి ఆయనే ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎంత ఇబ్బందో నాకు తెలుసు. పది నిమిషాలు "అవునండీ, మాదేనండీ" అంటూనే ఉన్నాడు.

బాణం గియ్యడానికి పెద్దగా ఏం పట్టలేదు. కష్టమంతా దాన్ని ఎందుకు గీస్తున్నానో తలుచుకోకుండా గియ్యడంలో ఉంది. ముందు యంత్రం పంపే ఆ గుర్తుని చదివించాను. తల్లి చార్టు దాటెయ్యబోయే చోట దాటొద్దని పిల్లకి చెప్పాను. గుర్తుకి కింద, కొంచెం పక్కగా, చిన్న గీత, రెండు కొక్కేలు. అది పక్క అంకె మీదికి వెళ్ళి ముడత పడింది. సరిచెయ్యనా అని ఇస్త్రీని అడిగాను. ఉండనీ, కనపడాలిగా అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట నేను మళ్ళీ వినను.

మధ్యాహ్నానికి ఆస్పత్రికి పంపాం. ఎందుకు పంపుతున్నామో, ఇప్పటిదాకా మా చార్టు ఏం దాచిందో ఇస్త్రీ డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను పక్కనే నిలబడి కాసేపు, కిటికీ దగ్గర కాసేపు, కారిడార్లో కాసేపు విన్నాను. ఆవిడ కొత్త చార్టులో మా పాప పరీక్ష తెరిచి చూసి నాకే ఫోన్ చేసింది.

"బాణాలున్నాయమ్మా," అంది. "రెండు చెవులకీ ఉన్నాయి. అక్కడ పరీక్షే జరగలేదనుకున్నాను నేను."

ఆ తర్వాత మెల్లగా వివరించింది. బొంగురు శబ్దాలు బాగా వినపడతాయి కాబట్టి పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందట. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో సగమే తెలుస్తుంది. స, శ, త లాంటివి దాదాపు చెవిన పడవు. పడనివి మొహాల్లో వెతుక్కుంటుంది. నేను గోడకి ఆనుకుని వింటున్నాను. సాక్సులు. గుడ్లప్పగించి చూడటం. పొగరు. ఆ పొద్దులన్నీ ఒకటొకటిగా కళ్ళముందుకొచ్చాయి, అన్నిట్లోనూ నేను అరుస్తున్నాను, అదేమో నా నోటి వైపు చూస్తోంది. ఏడుపొచ్చింది. ఆఫీసు కారిడార్ అని కూడా చూసుకోలేదు.

రేపు పొద్దున్న మళ్ళీ తీసుకురమ్మంది డాక్టరమ్మ. హెడ్‌ఫోన్లు లేకుండా, గదిలో స్పీకర్లు పెట్టి తనే చేస్తానంది. మా చార్టు చూసి ఇళ్ళకి పంపేసిన మిగతావాళ్ళ పరీక్షలు కూడా తిరగేయాలని, అందరికీ ఫోన్లు చేయిస్తున్నానని అంది. ఆ మాట ఆవిడ మామూలుగానే అంది, నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా ఆయన ముందే వచ్చున్నాడు. టీచరుకి ఫోన్ చేశానని, చెవుల సంగతే అయితే ఆపే ప్రశ్నే లేదని, రేపటి పరీక్ష ఏం చెబుతుందో అది తెచ్చివ్వమన్నారని చెప్పాడు. బుడంకాయ నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటోంది, వీపు నా వైపు ఉంది. నా చెయ్యి సంచీలోకి వెళ్ళి తాళంచెవుల గుత్తి మీద పడింది. గలగలలాడిస్తే తిరుగుతుందా? నా మొహం చూసి మా ఆయనకి అర్థమైపోయింది.

"వద్దు," అన్నాడు. "పరీక్ష రేపు. ఇవాళ దాన్ని వదిలెయ్."

వెళ్ళి దాని భుజం మీద తట్టి, అది తిరిగాక, అమ్మ వచ్చిందని చెప్పాడు. ఆయన ఎప్పుడూ అలాగే తట్టి మాట్లాడతాడు. పిల్లని ముద్దుచేసి చెడగొడుతున్నాడని నేనెన్నిసార్లు సణిగానో. ఎందుకలా చేస్తావని అప్పుడు అడిగాను. ఆయనకీ తెలియదు. అలా అయితే వింటుంది కదా అన్నాడు. మా అత్తగారికీ సంగతి చెప్పాను. నన్ను దెప్పడానికి ఆవిడకి ఏమీ మిగలని రోజు అదొక్కటే చూశాను. కాసేపటికి వెళ్ళి, మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి, మనవరాలి ఎదురుగా నేల మీద కూలబడి, మొహం మొహానికి పెట్టి ఆ బొమ్మలేమిటో ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు.

పొద్దున్న ముగ్గురం వెళ్ళాం. లోపలికి నన్నొక్కదాన్నే రమ్మన్నారు. గదిలో ఒక మూల చిన్న కుర్చీలో బుడంకాయ, అది బెదరకుండా దానికి ఎదురుగా నేను. రెండుపక్కలా స్పీకర్లు. తలుపు వెయ్యబోతూ డాక్టరమ్మ నా దగ్గరికొచ్చి వంగింది.

"మీకన్నీ వినపడతాయి," అంది. "వినపడినప్పుడు కదలొద్దు. కళ్ళు కూడా కదపొద్దు. మీ మొహంలో ఏమాత్రం మార్పు కనపడినా అది చూసి వేసేస్తుంది. ఇన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చింది."

కదలొద్దట. నన్ను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

మొదట బొంగురువి వచ్చాయి. ఎక్కడో దూరంగా ఓడ కూసినంత మెల్లగా. బుడంకాయ టక్కున వేసింది. ఇంకా మెల్లగా. వేసింది. నాకే సరిగ్గా వినపడనిది కూడా వేసి, గెలిచినట్టు నవ్వింది. నాకు నవ్వాలనిపించింది, నవ్వకూడదు. శబ్దాలు కాస్త సన్నబడ్డాయి. ఇప్పుడు వెంటనే వెయ్యడం లేదు, డాక్టరమ్మ పెంచాక వేస్తోంది. బకెట్లో చెక్కముక్కల చప్పుడు నెమ్మదించింది.

తర్వాత ఈల లాంటిది మొదలైంది. సన్నగా, దోమ చెవి దగ్గరికొచ్చినట్టు. నాకు వినపడింది. బుడంకాయ కొత్త చెక్కముక్క తీసి బుగ్గకి ఆనించుకుంది. ఈల ఆగి, మళ్ళీ వచ్చింది, ఈసారి గట్టిగా. బుడంకాయ నా మొహంలోకి చూసింది. నేను దాని వెనక గోడ మీద ఒక మేకు గుర్తుని చూస్తున్నాను. ఇంకా గట్టిగా వచ్చింది. నా పళ్ళు జివ్వుమన్నాయి. ఇప్పుడు వేస్తుంది, ఇంత పెద్దది వెయ్యకపోవడమేమిటి, వెయ్యి తల్లీ అని లోపల్లోపల కొట్టుకుంటున్నాను. అది ఎంత బుద్ధిగా కూర్చుందో. వీపు నిటారుగా, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చెక్కముక్క బుగ్గకి అదుముకుని, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ, ఆటలో ఎక్కడ ఓడిపోతానో అన్నంత శ్రద్ధగా ఉంది. ఒక్క మాట వినదని నేను పేరుపెట్టిన పిల్ల.

ఎంత ఆపుకున్నా నా కళ్ళలోంచి నీళ్ళు జారాయి. అది చూసింది. కంగారుపడి ముందుకి వంగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు చిన్నగా చెప్పింది.

"ఇంకా రాలేదమ్మా. వచ్చినప్పుడు వేస్తాలే."

గదంతా ఆ ఈలే మోగుతోంది.